ఆ హెడ్డింగు తర్వాత ఏమైంది?

1979 జూలై 11న అమెరికావాళ్ళ అంతరిక్ష ప్రయోగశాల స్కైలాబ్ మా ఊరి మీద పడలేదు. హిందూ మహాసముద్రం మీదుగా దిగి, ముక్కలై, ఆస్ట్రేలియా పశ్చిమాన ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల రాలింది. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. స్కైలాబ్ వల్ల ప్రాణనష్టం లేదనే ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. ఆ లెక్కలో కోనసీమ కోళ్ళు లేవు.

ఆ వేసవి అంతా పేపర్లు అదే పనిగా రాస్తూ వచ్చాయి. 1973లో అమెరికావాళ్ళు పైకి పంపిన ప్రయోగశాల, 77 టన్నుల బరువు, అదుపు తప్పి కిందికి దిగుతోంది, ఎక్కడ పడేదీ కచ్చితంగా చెప్పలేరు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అప్పట్లో మా ఊరికి వచ్చే పేపర్లు రెండో మూడో. ఒకరు చదివితే పదిమంది వినేవారు. ఆ పదిమందీ ఆ వార్తను తలో వీధికీ మోసేవారు. టీ కొట్టు దగ్గర ‘ఎక్కడ పడుతుందో చెప్పలేరట’ అని బయల్దేరిన మాట రామాలయం దగ్గరికి వచ్చేసరికి ‘ఎక్కడైనా పడొచ్చట’ అయింది. కాలవ వంతెన దాటేసరికి ‘మన తిన్నగానే వస్తోందట’ అయింది.

ఎలాగూ పోయేవాళ్ళమే కదా అని జనం కోళ్ళు కోశారు. కోళ్ళు అయిపోయాక మేకలు. పండక్కి తప్ప మాంసం వండని ఇళ్ళలో కూడా పొద్దున్నే మసాలా నూరుతున్న చప్పుడు. మా పెదనాన్న అప్పటికి హైస్కూల్లో చదువుకుంటున్నారు. ఆ వారం తిన్నంత తిండి ఆ తర్వాత తన పెళ్ళి భోజనాల్లో కూడా తినలేదని ఇప్పటికీ చెబుతారు. కిరాణా కొట్టాయన అడిగినవాడికల్లా అరువిచ్చాడు. అందరూ పోతే ఇవ్వనన్నా మిగిలేదేమీ లేదు, అందరూ బతికితే ఊరంతా తన పద్దుల పుస్తకంలో ఉంటుంది. పన్నెండో తారీఖు పొద్దున్న తెల్లారింది. అందరూ బతికే ఉన్నారు. ఆయన పుస్తకం పట్టుకుని వీధి మొదట్లోంచి బయల్దేరాడు.

ఇంతవరకూ నవ్వుకునే కథే. మా ఇంట్లో ఎప్పుడు చెప్పుకున్నా ఇక్కడిదాకా పగలబడి నవ్వుతాం. కానీ మా చిన్న తాతయ్య సంగతి కూడా అదే వారంలో జరిగింది. జూలై అంటే ఏరువాక సాగిపోయి, నారుమళ్ళు పచ్చగా లేచి, దమ్ముకు చేను సిద్ధం చేసుకునే రోజులు. ఆయన తన దున్నపోతుల జతను సగం ధరకి అమ్మేశారు. ‘పోయేముందు అప్పులు తీర్చేసి పోదాం, పై లోకంలో కూడా ఆ మాట పడకూడదు’ అన్నారట. అప్పు తీర్చారు. ఆగస్టులో దమ్ము చేయడానికి దున్నపోతులు లేక, ఇంకొకరి జతను కూలికి తెచ్చుకున్నారు. దానికి మళ్ళీ అప్పు చేశారు, తీర్చినాయన దగ్గరే.

అసలు స్కైలాబ్ ముక్క ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా ముందే లెక్కగట్టింది. అంటే ఫలానా మనిషికి, అంటే మా చిన్న తాతయ్యకే తగిలే అవకాశం దాదాపు 60,000 కోట్లలో ఒకటి. ఆ అంకె మా ఊరి టీ కొట్టు దాకా రాలేదు. వచ్చి ఉంటే దున్నపోతులు కొట్టంలోనే ఉండేవని నా నమ్మకం. మా చిన్న తాతయ్య లెక్కల మనిషి. కొబ్బరికాయ దింపు తీయించిన రోజున చెట్టు చెట్టుకీ ఎన్ని కాయలు దిగాయో నోటితో చెప్పగలిగేవారు.

పాత పేపర్లు కనిపిస్తే చదవకుండా వదలను. అటక మీది ట్రంకు పెట్టెలో అడుగున పరిచినవీ, బీరువా అరల్లో వేసినవీ, దేవుడి పటాల వెనక దాచినవీ. వాటిలో హెడ్డింగులు చదువుతుంటే హాయిగా నవ్వొస్తుంది. ఆ నవ్వుకు నేనేం అడ్డం చెప్పను. కానీ నవ్వుతూ నవ్వుతూ నాకు ఒక పట్టుదల కూడా ఏర్పడింది. హెడ్డింగు నిజమైందా, అబద్ధమైందా అన్నది సగం సంగతి మాత్రమే. దాన్ని నమ్మి జనం ఏం చేశారు, ఏం అమ్ముకున్నారు, ఏం కట్టుకున్నారు అన్నది మిగతా సగం. మొదటి సగాన్ని పేపరు పెద్దక్షరాల్లో రాస్తుంది. రెండో సగాన్ని మా పెదనాన్న లాంటివాళ్ళు అరుగు మీద చెప్పుకోవాలి. అది కూడా పేపరే రాయాలి. రేపు జరుగుతుందని రాసినవాళ్ళు ఎల్లుండి వచ్చి ఏం జరిగిందో చెప్పాలి.

స్కైలాబ్ కంటే ముందు 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వచ్చింది. మకర రాశిలో ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరుతున్నాయని, ప్రళయం తప్పదని దేశమంతా హోరెత్తింది. ఊరూరా యజ్ఞాలు, అఖండ భజనలు. మా అమ్మమ్మ చెప్పిన ప్రకారం మా వైపు ఆ మూడు రోజులూ అప్పులవాళ్ళ మధ్య పెద్ద పంచాయితీ నడిచింది. బాకీ ఉన్నవాడు ‘లోకమే పోతుంటే ఎవరికి కట్టాలండీ’ అంటాడు. ఇచ్చినవాడు ‘పోయేలోపు కట్టెయ్, నీకూ పుణ్యం’ అంటాడు. ఫిబ్రవరి 6న ఇద్దరూ రేవులో ఎదురుపడ్డారట. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడు. ఢిల్లీలో పొద్దున్న మొదలైన వార్త ఫోన్ల మీద ఎక్కి వచ్చేసి, సాయంత్రానికి మా వైపు గుళ్ళ ముందు చెంచాలతో క్యూలు కట్టించింది. అది ద్రవాల తలతన్యత వల్ల అని శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ మాటకు క్యూ కట్టినవాళ్ళు లేరు. ఈ రెండింటి మీదా ఎక్కువ చెప్పను. పాలు పోయాయి, నెయ్యి పోయింది, ఎవరి దున్నపోతులూ పోలేదు.

పేపరు రాసినదల్లా భయమేనా అంటే కాదు. మా డెల్టాలో పుట్టిన అతి మంచి హెడ్డింగు ఒకటుంది. ప్రతి వర్షాకాలం వస్తుంది. ‘ధవళేశ్వరం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక’. దాని కింద 13.75 అడుగులు, 13 లక్షల క్యూసెక్కులు. అంతే. ఒక్క విశేషణం ఉండదు. గోదారి ఉగ్రరూపం, ఉరకలెత్తిన గోదారి, విలయతాండవం, ఇవేమీ అక్కర్లేదు. ఏటి మధ్య లంకలో ఉన్న మనిషికి ఆ అంకె చాలు.

మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. అది చదివిన లంక రైతు కంగారు పడడు. పడవ తాడు చూసుకుంటాడు, పల్లంలో కోసిపెట్టిన అరటి గెలలు ఒడ్డుకు చేరుస్తాడు, పశువులకు గడ్డి ఎక్కడ దొరుకుతుందో ఆలోచిస్తాడు. రెండోది రాగానే గొడ్డూ గోదాని ఏటిగట్టు మీదికి తోలేస్తారు. బియ్యం, పట్టాదారు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు అటకెక్కుతాయి. పొయ్యి గట్టు మీదికి మారుతుంది. మూడోది 17.75 అడుగులు, 17 లక్షల క్యూసెక్కులు. అప్పుడింక ఆలోచన ఉండదు, ముసలివాళ్ళను ముందు ఎక్కించి పడవ కదిలిస్తారు. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకి ఇచ్చే హెచ్చరికలు కూడా మా వాళ్ళకు నోటికి వచ్చు. అక్కడ పెరిగిన నీరు ఇక్కడికి చేరేలోపు ఎన్ని పనులు చేసుకోవచ్చో తెలుసు కాబట్టి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు మా లంకల్లో పేపరు కోసం పొద్దున్నే గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళు చూసేది ఫొటో కాదు, అంకె.

ఈ అంకెలకు అంత విలువ ఊరికే రాలేదు. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. గట్లకు గండ్లు పడ్డాయి, కోనసీమ నీళ్ళలో ఉంది. ఆ వరద చూసినవాళ్ళకు 35 అనే అంకె చెబితే చాలు, ఎదురుగా నీళ్ళు కనిపిస్తాయి. ఏ కొత్త వరదనైనా దాని పక్కన పెట్టి కొలుచుకుంటారు. ‘ఇది ఎనభయ్యారులో సగం కూడా లేదండీ’ అని గట్టు మీద కూర్చుని చెప్పే పెద్దాయన ఏ నిపుణుడికీ తీసిపోడు.

స్కైలాబ్ హెడ్డింగుకూ ఈ హెడ్డింగుకూ తేడా ఏమిటో నాకు ఇక్కడే తెలిసొచ్చింది. రెండూ ప్రమాదం గురించే. ఒకటి చదివాక మనిషికి చేయడానికి పనేమీ లేదు, అందుకే కోడిని కోశాడు. రెండోది చదివాక గేదెను ఎక్కడ కట్టాలో తెలుస్తుంది.

తుపాన్ల దగ్గరికి వచ్చేసరికి సంగతి ఇంత తేలిక కాదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దిగువన తీరం దాటిన తుపాను కోనసీమను ఏం చేసిందో చూసినవాళ్ళు ఎవరూ దాని మీద హాస్యం ఆడరు. వెయ్యిమందికి పైగా పోయారు. వేటకు వెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. మళ్ళీ మొక్క పెట్టి కాపు చూడాలంటే ఆరేడేళ్ళు. ఆ సాయంత్రం మా వీధిలో వినిపించిన మాట నాకు బాగా గుర్తు. ‘ఇలాంటివి ఎన్ని రాలేదు, ఎన్ని పోలేదు’. పాపం, ఆ మాటన్న మనిషి మొండివాడు కాదు. ‘ముంచుకొస్తున్న’ అని చదివిన ప్రతిసారీ ఏదీ ముంచుకు రాకపోతే ఎవరైనా అదే అంటారు.

అందుకే 2013 నవంబరు గురించి చెప్పాలి. ఆ నెల 22న హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. చేలో కోతకొచ్చిన వరి పడుకుంది. అది ఇంకా ఎత్తుకోకముందే లెహర్ వస్తోందన్నారు. అది ఇంకా పెద్దదన్నారు. తీరం ఊళ్ళను ఖాళీ చేయించారు. స్కూళ్ళలో, తుపాను షెల్టర్లలో జనం, పులిహోర పొట్లాలు, పిల్లల ఏడుపులు, ఎవరి గేదె ఎక్కడుందో తెలియని టెన్షన్. 28న లెహర్ వచ్చింది. తీరం చేరేలోపే నీరసించి, ఉత్త వాయుగుండమై దాటిపోయింది.

షెల్టర్లలోంచి ఇళ్ళకు వెళ్తున్నవాళ్ళ కోపం ఇంతా అంతా కాదు. ‘ఊరికే తిప్పారు’ అన్నారు. నేను ఆ కోపాన్ని తప్పు పట్టను. కూలి పోయింది, కోడిపిల్లలు పోయాయి. కానీ ఆ మర్నాడు రావాల్సిన పెద్ద హెడ్డింగు ఒకటుంది. లెహర్ ఎందుకు నీరసించింది? పైన అడ్డంగా వీచిన గాలులు తుపానును నిలువుగా నిలబడనివ్వలేదు, పొడిగాలి లోపలికి చొరబడింది, కింద సముద్రంలో దానికి కావాల్సినంత వేడి లేదు. తీరం దాటేదాకా బలం ఉంటుందా ఊడుతుందా అన్నది ముందే తేల్చి చెప్పడం కష్టం కాబట్టి ఖాళీ చేయించడమే సరైన పని. ఇది పెద్దక్షరాల్లో, మొదటి పేజీలో, వాడుక మాటల్లో రాసి ఉంటే, షెల్టరు నుంచి ఇంటికెళ్ళిన ఆవిడ తర్వాతి తుపానుకు మళ్ళీ షెల్టరుకు రావడానికి ఒక కారణం చేతిలో ఉండేది. అబద్ధమైన హెడ్డింగుకు ఇవ్వాల్సిన జవాబు ఇదే. మౌనంగా పేజీ తిప్పేస్తే ఆ లెక్క తర్వాతి తుపాను దగ్గర తేలుతుంది.

ఇలా అబద్ధమై మంచి చేసిన హెడ్డింగు ఇంకొకటి వైటూకే. 2000 జనవరి 1న కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు. సంవత్సరాన్ని రెండంకెల్లో రాయడం వల్ల వచ్చిన చిక్కు అది. 00 అంటే 1900 అనుకుంటాయని. విమానాలు పడిపోతాయని, బ్యాంకుల్లో డబ్బు మాయమవుతుందని కూడా చదివాం. బ్యాంకులో డబ్బు లేనివాళ్ళం కాబట్టి మా ఊరు దీనికి భయపడలేదు. భయపడకపోగా అవకాశం చూసింది. హైదరాబాదులో అమీర్‌పేట దారి పట్టారు మా కుర్రాళ్ళు. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ అనే మాటలు కొబ్బరితోటల్లో వినపడ్డాయి. ఎకరం అమ్మి కోర్సు ఫీజు కట్టినవాళ్ళున్నారు. పాత ప్రోగ్రాములు సరిచేసే పనికి మనవాళ్ళు అమెరికా వెళ్ళారు, జనవరి 1న పెద్దగా ఏమీ ఆగలేదు, వాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఈ రోజు మా వీధిలో సగం మేడలకు పునాది ఆ జరగని ప్రళయం. ఆకాశం నుంచి పడుతుందన్న ఇనుము దున్నపోతులను అమ్మించింది, ఆగిపోతుందన్న కంప్యూటరు మేడలు కట్టించింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి రాసిన పేపరు నాకు ఇంతవరకూ కనపడలేదు.

భయపెట్టే హెడ్డింగుల కంటే ఆశపెట్టే హెడ్డింగుల మీద నాకు ఎక్కువ కోపం. వాటిలో రారాజు కోనసీమ రైలు.

1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పట్టాలు పీకి ఇనుము పట్టుకుపోయారు. ఎక్కడో ఐరోపాలో మొదలైన యుద్ధానికి ద్రాక్షారామంలో రైలు పోయింది. ఆ లైను మళ్ళీ 2004లో గాని తెరుచుకోలేదు. ఈలోగా 2000-01లో కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త లైను మంజూరైంది. అప్పటినుంచీ ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, బడ్జెట్ మర్నాడు జిల్లా పేజీలో కోనసీమకు రైలు కూత వినిపిస్తుంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటాలి, వంతెనలకే బోలెడు ఖర్చు. ఇది కష్టమైన పనే, కాదనను. గౌతమిలో స్తంభాలు లేచాయి, కళ్ళారా చూశాను. నా గొడవ పని మీద కాదు, కూత మీద.

ఎందుకంటే ఆ కూత విని జనం నిజంగా ఏదో ఒకటి చేశారు. మా మేనమామ ఒకాయన స్టేషన్ వస్తుందన్న చోటికి దగ్గర్లో స్థలం కొన్నారు. ఊరికి దూరం, పల్లం, వర్షం వస్తే మోకాలి లోతు. ‘రైలొచ్చాక చూడు అల్లుడూ, ఇక్కడ నిలబడ్డానికి చోటుండదు’ అనేవారు. అక్కడ లాడ్జి కట్టాలని ప్లాను గీయించారు. కింద హోటలు, పైన గదులు. పెసరట్టు ఉప్మా పొద్దున్న నాలుగింటికే తయారుగా ఉండాలట, ఎందుకంటే హైదరాబాదు బండి ఆ టైముకే వస్తుందట. బండి పేరు కూడా ఆయనే పెట్టారు, కోనసీమ ఎక్స్‌ప్రెస్. అంబాజీపేట కొబ్బరి లారీలెక్కడం మానేసి గూడ్సు బండెక్కుతుంది. పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెల్లారేసరికి సికింద్రాబాదు ప్లాట్‌ఫారం మీద ఉంటాయి. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎవరూ నిలబడరు. ఇవన్నీ ఆయన ఊహలే అయినా ఒక్కటి కూడా తెలివితక్కువది కాదు. రైలు వస్తే జరిగేవే అవి. ఆ స్థలంలో ఇప్పుడు ఎవరో కౌలుకి గడ్డి పెంచుతున్నారు. మావయ్య ప్రతి ఫిబ్రవరి పేపరు తెప్పించుకుని చదువుతారు. చదివి, కళ్ళజోడు తీసి, ‘ఈసారి కొంచెం ఎక్కువే ఇచ్చారురా’ అంటారు.

ఆ మనిషికి పేపరు ఏం ఇవ్వాలి? గత ఏడు ఇస్తామన్నదెంత, ఇచ్చిందెంత, ఖర్చయిందెంత, ఎన్ని ఎకరాలు ఇంకా సేకరించాలి, ఏ పాయ మీద ఎన్ని స్తంభాలు లేచాయి. పక్కనే నిరుడు ఇదే రోజు వేసిన హెడ్డింగు. మావయ్య చేతిలో ఈ లెక్క పడితే స్థలం ఉంచుకోవాలో అమ్ముకోవాలో ఆయనే తేల్చుకుంటారు. ఆయనకు కూత అక్కర్లేదు.

పోలవరం కథ ఇంకా పొడుగు. 1981 మే నెలలో ముఖ్యమంత్రి టి. అంజయ్య శంకుస్థాపన చేశారు. ఆ రోజు పేపరులో ఆ వార్త చదివిన కుర్రాడికి ఇప్పుడు మనవలు ఉంటారు. 2014లో జాతీయ ప్రాజెక్టు అయ్యాక 2018కి అన్నారు, ఆ తర్వాత 2019, 2021, 2022 అన్నారు. హెడ్డింగుల ప్రకారం పోలవరం ఇప్పటికి అరడజను సార్లు పూర్తయింది. ఆయకట్టు రైతుకు ఇది ఎదురుచూపు మాత్రమే. ఎగువన ముంపు ఊళ్ళవాళ్ళకు ఇది ఇంకో రకం బాధ. ఇంటి కప్పు మారిస్తే డబ్బు వృథా, వచ్చే ఏడు ఊరే ఉండదు కదా. మార్చకపోతే ఈ వానాకాలం నీళ్ళు లోపలే. ఒక్కో హెడ్డింగుకూ ఒక్కో ఏడు ఆ కప్పు అలాగే కారింది. ఇక్కడ నాకు నవ్వు రాదు.

చివరికి, ప్రతి ఆగస్టులో వచ్చే ‘వేల టీఎంసీలు సముద్రం పాలు’. చిన్నప్పటినుంచీ చదువుతున్నాను. అంత నీరు పోతోందంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఎగువన కరువు సీమలున్నప్పుడు నీటిని నిలబెట్టుకోవాలనుకోవడం న్యాయమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు మా ఊళ్ళలో విగ్రహాలున్నది ఆ పని చేసినందుకే. కానీ ఆ హెడ్డింగు అక్షరాలా నిజమయ్యే రోజును ఒకసారి ఊహించండి. ఒక్క చుక్క కూడా సముద్రంలోకి పోలేదు. మొదట పోయేది పులస. సముద్రంలో విలసగా తిరిగే చేప వరద నీటి వాసన పట్టుకుని గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీది వస్తుంది. ఆ ఈతలోనే దానికి ఆ రుచి. ఎర్రనీరు సముద్రం చేరకపోతే దానికి దారి చెప్పేదెవరు? పుస్తెలమ్మైనా తినాలన్న చేప కోసం పుస్తెలమ్మినా దొరకదు. ఆపైన కోరింగ మడ అడవులు. మంచినీరూ ఉప్పునీరూ కలిసిన చోట బతికే చెట్లు అవి, తుపాను అలకు మొదట అడ్డం నిలబడేవి కూడా అవే. ఆపైన ఉప్పు. నది నెట్టకపోతే సముద్రం ఊరుకోదు, పాయల్లోంచి, భూమి లోపల్నుంచి ఎగదన్నుతుంది. అంతర్వేది వైపు బోరు వేసినవాళ్ళను అడగండి, ఎంత లోతుకు ఉప్పు తగులుతుందో చెబుతారు. సముద్రంలోకి పోయే నీటిలో ఎంత నిజంగా వృథా, ఎంత డెల్టాను బతికించేది అని విడదీసి రాసిన హెడ్డింగు ఒక్కటైనా చూడాలని నా కోరిక.

మా బంధువుల అబ్బాయి ఒకడు ఒక పేపరు డెస్కులో సబ్ ఎడిటరు. ఈ మాటలన్నీ వాడి దగ్గర పెట్టాను. రాత్రి ఎడిషన్ వదిలేసి వచ్చి కళ్ళు నులుముకుంటూ విన్నాడు. ‘బాబాయ్, నిన్నటి పేపరే ఎవరూ చదవరు, నిరుటిది ఎవరికి కావాలి?’ అన్నాడు.

‘మీ మావయ్య తాతకు కావాలిరా,’ అన్నాను. ‘షెల్టరు నుంచి తిట్టుకుంటూ ఇంటికెళ్ళిన ఆవిడకు కావాలి. కప్పు కారుతున్నవాళ్ళకు కావాలి. వాళ్ళంతా మీ పేపరు కొన్నవాళ్ళే కదా, డబ్బిచ్చి.’

‘జాగా ఉండదు బాబాయ్. యాడ్లు పడితే వార్తలే ఎగిరిపోతాయి.’

‘రోజూ వద్దు. వారానికి ఒక్కటి. నాలుగు కాలమ్‌లు కూడా వద్దు, రెండు చాలు. పైన పాత హెడ్డింగు, అది వచ్చిన తేదీ. కింద తర్వాత ఏమైందో. మీరు రాసింది నిజమైతే నిజమైందని రాయండి. కాకపోతే ఎందుకు కాలేదో రాయండి. అందులో సిగ్గుపడాల్సిందేముంది? 1874లో కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని మొదలుపెట్టింది ఈ నేల మీదే. లంచగొండుల గురించి ఒక్కసారి రాసి ఊరుకున్నారా? మళ్ళీ మళ్ళీ రాశారు. ఒక్కసారితో సరిపెట్టుకుంటే ఆయన పేరు ఈ రోజు మనకు తెలిసేది కాదు.’

వాడు కాసేపు ఏమీ అనలేదు. టీ తాగాడు. ‘మొదటిది ఏది పెడదామంటావ్?’ అన్నాడు.

‘కోటిపల్లి లైను. 2000లో మంజూరైందన్న వార్త మీ లైబ్రరీలోనే ఉంటుంది. ఇప్పటి స్తంభాల ఫొటో దాని పక్కన పెట్టు.’

‘అయితే జూన్ లోపే తీయించాలి,’ అన్నాడు వాడు ఫోన్ తీస్తూ. ‘వరదొస్తే ముక్తేశ్వరం రేవు నుంచి పడవ కట్టరు. అక్కడి కంట్రిబ్యూటర్‌కి ఇప్పుడే చెప్తా.’